కారానికి ఏ చీజ్, తీపికి ఏ చీజ్: ఇంటి వంటకు తగినదాన్ని ఎంచుకోవడం ఎలా

సూపర్ మార్కెట్‌లో పాల పదార్థాల ఫ్రిజ్ తలుపు తీస్తే ఇప్పుడు ఒకే అరలో పనీర్, క్యూబులు, స్లైసులు, మొజరెల్లా దిమ్మ, తురిమిన పిజ్జా చీజ్, చెడ్డార్, క్రీమ్ చీజ్ వరసగా కనబడతాయి. అన్నీ పాలతో చేసినవే అయినా పొయ్యి మీద ఒక్కొక్కటి ఒక్కో తీరుగా నడుచుకుంటుంది. మొజరెల్లాను కూరలో వేస్తే తీగలు సాగి గరిటెకు చుట్టుకుంటుంది. పనీర్‌ను పిజ్జా మీద పరిస్తే ఎంతసేపు కాల్చినా ముక్కలు ముక్కలుగానే ఉండిపోతుంది. ఉప్పున్న క్యూబులతో చీజ్‌కేక్ చేస్తే ఎంత పంచదార పోసినా నాలుకకు ముందు ఉప్పే తగులుతుంది. ఈ మూడో పొరపాటు ఒక పుట్టినరోజు నాడు నేను చేసినదే. అరకిలో క్యూబులు, అరలీటరు క్రీమ్ వృథా అయ్యాక, ఏ చీజ్ ఎందుకు అలా ప్రవర్తిస్తుందో తెలుసుకోకుండా మళ్లీ కొనకూడదని నిశ్చయించుకున్నాను.

ముందుగా రెండు మాటల గురించి చెప్పాలి. చీజ్‌కు పుస్తకాల్లో జున్ను అని రాస్తారు గాని, మన ఇళ్లలో జున్ను అంటే ఈనిన గేదె లేదా ఆవు తొలి పాలను బెల్లం, మిరియాలు, ఏలకులతో ఆవిరి మీద ఉడికించినది. ఆ పాలు పులుపు అవసరం లేకుండా వేడికే గట్టిపడతాయి. అలాగే పన్నీరు అంటే పెళ్లిళ్లలో చిలకరించే గులాబీ నీరు. అందువల్ల ఈ వ్యాసంలో చీజ్ అని, పనీర్ అని రాస్తున్నాను.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వేడి తగిలినప్పుడు ఈ వంటలో చీజ్ ఏం కావాలి? ఆకారం చెడకుండా నిలవాలా, కరిగి సాగాలా, లేక ఆనవాలు లేకుండా మిగతావాటిలో కలిసిపోవాలా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే.

పాలను పులుపుతో విరగ్గొడితే, వాటిలోని ప్రొటీన్లను జిగురులా పట్టి ఉంచే కాల్షియం చాలావరకు తేటలోకి పోతుంది. మిగిలిన ప్రొటీన్లు వేడి చేసేకొద్దీ ఇంకా దగ్గరగా బిగుసుకుంటాయి. అందుకే పనీర్ కరగదు. రెన్నెట్ అనే ఎంజైముతో తోడుపెట్టిన చీజ్‌లలో ఆ కాల్షియం చాలావరకు నిలిచి ఉంటుంది, కాబట్టి వేడికి ఆ పట్టు సడలి చీజ్ పారుతుంది. మొజరెల్లా, చెడ్డార్ ఈ కోవకు చెందినవి.

రెండోది ఉప్పు. నిల్వ ఉండే చీజ్‌లన్నిటిలోనూ ఉప్పు ఉంటుంది. కారపు వంటలో పిండికి, కూరకు వేసే ఉప్పు తగ్గించి సర్దుకోవచ్చు, కానీ తీపి వంటలో ఆ వీలు లేదు. మూడోది తేమ. తేమ ఎక్కువ ఉన్న చీజ్ త్వరగా పాడవుతుంది, నూనెలో వేస్తే చిటపటమంటుంది, కేక్ పిండిని పలుచన చేస్తుంది. నాలుగోది శాకాహారులకు ముఖ్యమైనది: రెన్నెట్‌ను కొన్ని చీజ్‌లకు దూడ పొట్ట నుంచి తీస్తారు, కొన్నిటికి సూక్ష్మజీవుల నుంచి తయారుచేస్తారు. మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందేమో చూడాలి, విదేశంలో కొనేవారు పదార్థాల జాబితా చదవాలి.

ఈ తేడాను ఇంట్లోనే ఒకసారి కళ్లారా చూడడం మంచిది. నాన్‌స్టిక్ పెనాన్ని సన్నని సెగ మీద పెట్టి, అంగుళం ముక్క పనీర్, అంతే ముక్క క్యూబు, అంతే ముక్క మొజరెల్లా పక్కపక్కనే ఉంచండి. మొదట మొజరెల్లా అంచులు జారి, నడుమ కుంగి, తెల్లని మడుగులా పరుచుకుంటుంది. చెంచాతో ఎత్తితే దారాలు వస్తాయి. క్యూబు ముక్క మూలలు గుండ్రబడి, మెత్తని ముద్దలా కూర్చుంటుంది. చెంచాకు అంటుతుంది గాని సాగదు. పనీర్ అడుగు మాత్రం ఎర్రగా కాలి, చుట్టూ కాస్త నీరు చిమ్మి, నాలుగు మూలలూ నిలబెట్టుకుంటుంది.

## ఒక్క చూపులో

| రకం | వేడికి ఏమవుతుంది | ఉప్పు | కారపు వంటలు | తీపి వంటలు | తెరిచాక ఫ్రిజ్‌లో |
|---|---|---|---|---|---|
| పనీర్ | కరగదు, ఆకారం నిలుస్తుంది | ఉండదు | కూర, వేపుడు, పకోడీ | తురిమి కలాకంద్, పాయసం | 3–4 రోజులు |
| ఛెనా (అదిమి గట్టిపరచని మెత్తని పనీర్) | కరగదు, పాకంలో ఉబ్బుతుంది | ఉండదు | కోఫ్తా | రసగుల్లా, రస్‌మలాయ్, ఛెనా పోడా | అదే రోజు వాడాలి |
| ప్రాసెస్డ్ చీజ్ (క్యూబులు, స్లైసులు) | నునుపుగా మెత్తబడుతుంది, సాగదు | ఎక్కువ | దోసె, శాండ్‌విచ్, బజ్జీ, సాస్ | పనికిరాదు | ప్యాకెట్‌పై రాసిన గడువు |
| మొజరెల్లా | కరిగి తీగలు సాగుతుంది | తక్కువ | పిజ్జా, బేక్ చేసే వంటలు | కునాఫా (పాకం పోసే అరబ్బు తీపి) | వారం లోపు |
| చెడ్డార్ | కరుగుతుంది, ముదిరినది నూనె వదులుతుంది | బాగానే ఉంటుంది | సాస్, పాస్తా | దాదాపు లేదు | కొన్ని వారాలు |
| క్రీమ్ చీజ్ | మెత్తగా కలిసిపోతుంది | కొద్దిగా | బ్రెడ్ మీద పూత | చీజ్‌కేక్ | వారం, పది రోజులు |
| మస్కార్పోనే (క్రీమ్‌తో చేసే మెత్తని చీజ్) | వెన్నలా జారుతుంది | ఉండదు | పాస్తా సాస్ | టిరమిసు (ఇటలీ కాఫీ తీపి) | 3–5 రోజులు |
| పార్మెజాన్ (ఇటలీ గట్టి చీజ్) | తురుము కరిగి కలుస్తుంది | ఎక్కువ | పాస్తా, సూప్ | లేదు | చాలా వారాలు |

## పనీర్: మన వంటకు మొదటి ఎంపిక

మసాలాను మోయగలిగిన చీజ్ పనీర్. దానికంటూ గట్టి రుచి లేదు, ఉప్పు లేదు, పులుసులో ఎంతసేపు ఉడికినా విడిపోదు. జీడిపప్పు పనీర్ కూరకైనా, కరివేపాకు, పచ్చిమిర్చి ఘాటుతో చేసే పనీర్ 65కైనా మరో చీజ్ దాని చోటు తీసుకోలేదు.

కొనడమా, చేసుకోవడమా అనేది అసలు ప్రశ్న. మన ఆహార ప్రమాణాల ప్రకారం పనీర్‌లో తేమ 60 శాతం మించకూడదు, తేమ పోను మిగిలినదానిలో కనీసం సగం పాల కొవ్వు ఉండాలి. పాల కొవ్వుకు బదులు వనస్పతి నూనె కలిపినది పనీర్ కాదు, దాన్ని అనలాగ్ అని లేబుల్‌పై రాసి అమ్మాలి. విడిగా తూచి ఇచ్చే చోట ఆ లేబుల్ కనబడదు కాబట్టి ధర మరీ తక్కువగా ఉంటే అడిగి తెలుసుకోవాలి. పిండి కలిపారేమోనని అనుమానం ఉంటే, చిన్న ముక్కను నీళ్లలో ఉడికించి చల్లార్చి, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు మూడు చుక్కలు వేయండి. నీలిరంగు వస్తే అందులో పిండి పదార్థం ఉన్నట్టు.

ఇంట్లో చేయడానికి 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ పాలు గాని, చిక్కని గేదె పాలు గాని తీసుకోవాలి. లీటరు పాలకు సుమారు 180 నుంచి 200 గ్రాముల పనీర్ వస్తుంది. 3 శాతం కొవ్వు మాత్రమే ఉండే టోన్డ్ పాలతో చేస్తే ముద్ద తగ్గుతుంది, నమిలితే రబ్బరులా ఉంటుంది. పాలు పొంగు వచ్చాక మంట తగ్గించి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసంలో అంతే నీరు కలిపి, కొద్దికొద్దిగా పోస్తూ నెమ్మదిగా తిప్పాలి. తేట తెల్లగా ఉన్నంతసేపూ ఇంకా విరగవలసి ఉందని అర్థం. అది లేత ఆకుపచ్చగా తేరిన క్షణంలో పులుపు పోయడం ఆపేయాలి. ఇక్కడే ఎక్కువమంది మరో చెంచా వేస్తారు, దాంతో పనీర్ పుల్లగా, గట్టిగా తయారవుతుంది. పలుచని నూలు గుడ్డలో వడకట్టి, చన్నీళ్లతో కడిగి, మూట మీద సన్నికల్లు పొత్రమో నీళ్లు నింపిన గిన్నెయో అరగంట నుంచి ముప్పావు గంట వరకు ఉంచితే ముక్కలు కోయడానికి తగిన దిమ్మ సిద్ధమవుతుంది.

నా సలహా ఇది: కూర ఆ రోజే వండేటట్టయితే ఇంట్లో చేసుకోండి, ఆ మెత్తదనం ప్యాకెట్‌లో దొరకదు. వారం మధ్యలో అరగంటలో వంట ముగించవలసిన వారు సీల్ చేసిన ప్యాకెట్ కొని, ముక్కలను ఉప్పు కలిపిన వేడినీళ్లలో పదిహేను నిమిషాలు నానబెడితే చాలావరకు ఆ లోటు తీరుతుంది. పనీర్‌ను నూనెలో వేయించి కూరలో వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ముక్క విరగకపోవడం దాని లాభం, మసాలా లోపలికి పట్టకపోవడం నష్టం. కూరకైతే వేయించకుండా చివరి ఐదు నిమిషాల్లో వేయడమే మేలు.

## ఛెనా: తీపి వంటలకు పునాది

పనీర్‌ను అదిమి గట్టిపరచకుండా, మూట విప్పేసి మెత్తగానే వాడితే అది ఛెనా. వినడానికి తేడా చిన్నదే, కానీ రసగుల్లా వచ్చేదీ రానిదీ దాని మీదే ఆధారపడి ఉంటుంది. దీనికి ఆవు పాలే కావాలి. గేదె పాల ముద్ద బిరుసుగా ఉండి పాకాన్ని సరిగా పీల్చుకోదు. పాలు కాగాక పొయ్యి కట్టేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, కాస్త వేడి తగ్గాక పులుపు కలపాలి. నిమ్మరసానికి బదులు లీటరుకు 2 గ్రాముల నిమ్మ ఉప్పును కప్పు నీళ్లలో కరిగించి వాడితే కొలత తప్పదు. ఆ తరువాత బాగా కడిగి, మూటను అరగంట వేలాడదీయాలి.

ఇక పిసకడం. అరచేతి మడమతో ఛెనాను పళ్లెం మీద ముందుకు నెడుతూ ఎనిమిది, పది నిమిషాలు రుద్దాలి. మొదట రవ్వలా విడివిడిగా ఉన్నది క్రమంగా ముద్ద కడుతుంది, ఆ తరువాత పళ్లేనికి అంటడం మానేస్తుంది, చివరికి అరచేతికి సన్నని జిడ్డు తగులుతుంది. అక్కడ ఆగాలి. ఇంకా పిసికితే వెన్న విడిపోయి ఉండలు పాకంలో చెదురుతాయి. కప్పు పంచదారకు నాలుగు కప్పుల నీళ్లు పోసిన పలుచని పాకం బాగా తెర్లుతుండగా ఉండలు వేసి, మూత పెట్టి, పదిహేను నిమిషాలు ఉడికిస్తే అవి దాదాపు రెండింతలు అవుతాయి.

ఈ వంట పుట్టిల్లు తూర్పు తీరం. బెంగాల్ రసగుల్లాకు 2017లో, ఒడిశా రసగోలాకు 2019లో వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. శ్రీకాకుళం వైపు వారికి సరిహద్దు అవతల నుంచి మరో తీపి పరిచయమే: ఛెనా, పంచదార, కొద్దిగా రవ్వ, ఏలకులు కలిపి, పైన గోధుమరంగు వచ్చేవరకు కాల్చే ఛెనా పోడా. మొదటిసారి చీజ్‌తో తీపి చేయాలనుకునేవారికి నేను దీన్నే సూచిస్తాను. పిసకడంలో నైపుణ్యం అక్కరలేదు, పాకంలో చెదిరే భయం లేదు, ఓవెన్ లేనివారు అడుగున ఉప్పు పరిచిన కుక్కర్‌లో విజిల్, రబ్బరు తీసి సన్నని సెగ మీద గంటసేపు కాల్చుకోవచ్చు. విదేశీ చీజ్‌కేక్ ఇచ్చే తృప్తిలో చాలాభాగం ఇది నాలుగో వంతు ఖర్చుతో ఇస్తుంది.

## ప్రాసెస్డ్ చీజ్: పిల్లల డబ్బాకు, పెనానికి

క్యూబులు, స్లైసులు, డబ్బాలో వచ్చే దిమ్మ, ఇవన్నీ ముందే తయారైన చీజ్‌ను కరిగించి, సోడియం సిట్రేట్, ఫాస్ఫేట్ వంటి లవణాలు కలిపి మళ్లీ గట్టిపరచినవి. స్విట్జర్లాండ్‌లో 1911లో మొదలైన ఈ పద్ధతి వల్ల చీజ్ వేడికి నూనె వదలదు. దోసె మీద తురిమితే అది పిండిని పట్టుకుని పలుచని పొరలా కూర్చోవడానికి కారణం ఆ లవణాలే. ఉప్పు ఎక్కువ కాబట్టి ఉల్లి, పచ్చిమిర్చి కలిపిన కూరలో ఉప్పు తగ్గించాలి. రక్తపోటు ఉన్నవారు దీన్ని రోజువారీ అలవాటు చేసుకోకపోవడం మంచిది.

మిర్చి బజ్జీలో చీజ్ పెట్టేవారికి కూడా ఇదే తగినది. మొజరెల్లా పెడితే చీలిక నుంచి పారి నూనెలో కలుస్తుంది. క్యూబును నిలువుగా నాలుగు పుల్లలుగా కోసి, అరగంట డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, గింజలు తీసిన మిరపకాయలో దూర్చి, శనగపిండిలో ముంచి ఒకసారి వేయించి, చల్లారాక మళ్లీ ముంచి వేయిస్తే లోపలి చీజ్ బయటకు రాదు. పెసరట్టుకు మాత్రం చీజ్ వద్దని నా అభిప్రాయం. పెసల కమ్మదనం ఆ ఉప్పులో మునిగిపోతుంది. అంతగా కావాలంటే చిదిమిన పనీర్, అల్లం, పచ్చిమిర్చి చల్లుకోవచ్చు.

## మొజరెల్లా, చెడ్డార్, పార్మెజాన్

మొజరెల్లాను వేడినీళ్లలో సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి చేస్తారు. తీగలు రావడం ఆ పని ఫలితమే. నీళ్లలో తేలుతూ వచ్చే తాజా ఉండలు ఇటలీలోని కంపానియా వైపు గేదె పాలతో చేసేదానికి దగ్గరివి. అవి పచ్చిగా తినడానికి బాగుంటాయి గాని పిజ్జా మీద నీరు వదులుతాయి. మన ఓవెన్‌కు తేమ తక్కువ ఉన్న దిమ్మే కావాలి. తురిమి అమ్మే ప్యాకెట్ కంటే దిమ్మ కొని ఇంట్లో తురుముకోవడం మేలు, ఎందుకంటే తురుము అంటుకోకుండా చల్లిన పిండి వల్ల చీజ్ నునుపుగా కలవదు. పెద్ద దిమ్మ మిగిలితే తురిమి, చిన్న పొట్లాలుగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కరగనివ్వకుండా నేరుగా వంటలో వాడవచ్చు.

చెడ్డార్ రుచి కోసం కొనేది, సాగడం కోసం కాదు. తెల్ల సాస్‌లో లేతది బాగా కరుగుతుంది, ముదిరినది విరిగి నూనె తేలుతుంది. అలాంటప్పుడు ఒక ప్రాసెస్డ్ క్యూబును తురిమి కలిపితే, అందులోని లవణాలు సాస్‌ను మళ్లీ కలిపి నిలుపుతాయి. పాస్తా తరచుగా వండని ఇంటికి చెడ్డార్ అవసరం లేదు.

పార్మెజాన్ పేరు విని కొనే శాకాహారులు జాగ్రత్త పడాలి. దాని అసలు రూపమైన, ఇటలీలో కనీసం 12 నెలలు మాగబెట్టే పార్మిజానో రెజ్జానోకు దూడ రెన్నెట్‌నే వాడతారు. ఆకుపచ్చ చుక్క ఉన్న, ఇక్కడే తయారైన గట్టి చీజ్‌లు వారికి సరిపోతాయి.

## క్రీమ్ చీజ్, మస్కార్పోనే, వాటి బదులు

చీజ్‌కేక్‌కు క్రీమ్ చీజ్ ఖరీదైనా సరైనది. వాడే ముందు గంటసేపు బయట ఉంచాలి, లేకపోతే ఉండలు కట్టి ఎంత గిలక్కొట్టినా పోవు. ఓవెన్‌లో నడిమి భాగం ఇంకా వణుకుతుండగానే కట్టేయాలి, పూర్తిగా గట్టిపడేవరకు ఉంచితే పగులుతుంది.

ఖర్చు తగ్గించుకోదలచినవారు గుడ్డలో కట్టి రాత్రంతా నీరు దించిన గట్టి పెరుగు 250 గ్రాములు, తాజా పనీర్ 200 గ్రాములు, తియ్యని కండెన్స్‌డ్ పాలు కలిపి మిక్సీలో పూర్తిగా నునుపయ్యేవరకు తిప్పి వాడవచ్చు. రుచి బాగానే ఉంటుంది, నోట్లో కరిగే తీరులో మాత్రం సన్నని రవ్వదనం మిగులుతుంది. అతిథుల కోసమైతే అసలుదే కొనండి, ఇంట్లో వారికైతే ఇది చాలు.

మస్కార్పోనేను ఇంట్లో చేసుకోవచ్చు: క్రీమ్‌ను సుమారు 85 డిగ్రీల వరకు వేడి చేసి, కొద్దిగా నిమ్మరసం కలిపి, చల్లార్చి, గుడ్డలో ఫ్రిజ్‌లో ఉంచి నీరు దించితే వస్తుంది. ఇందుకు 35 శాతం కొవ్వున్న క్రీమ్ కావాలి. టెట్రా ప్యాక్‌లో తరచుగా దొరికే 25 శాతం క్రీమ్ పలుచగానే ఉండిపోతుంది.

## ఎవరికి ఏది

కొత్తగా మొదలుపెట్టేవారు ఒక ప్రాసెస్డ్ దిమ్మ కొని, పనీర్ ఇంట్లో చేసుకుంటే కారపు వంటలన్నీ సాగుతాయి. ఆవు పాలు తెచ్చుకుంటే ఛెనా కూడా ఇంట్లోనే వస్తుంది కాబట్టి తీపికి విడిగా చీజ్ కొననక్కరలేదు. పిల్లలు పిజ్జా అడిగే ఇంట్లో మొజరెల్లా చేర్చాలి. క్రీమ్ చీజ్, మస్కార్పోనే వండే రోజు ముందు మాత్రమే కొనాలి, ఎప్పుడో చేద్దామని తెచ్చిన డబ్బా సాధారణంగా బూజు పట్టే వరకూ అలాగే ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవారికి లెక్క మారుతుంది. అక్కడ సులువుగా దొరికేది ఆవు పాలు, అది రసగుల్లాకు అనుకూలం, పనీర్‌కు దిగుబడి తక్కువ. రికోటా అనే మెత్తని తాజా చీజ్ దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది కాబట్టి, దానిలో కండెన్స్‌డ్ పాలు పోసి దగ్గరపడే వరకు కలియబెట్టి కలాకంద్ చేయడం, పంచదార కలిపి బేక్ చేసి చిక్కని పాలలో వేసి రస్‌మలాయ్ చేయడం అక్కడి ఇళ్లలో స్థిరపడిన పద్ధతులు. పాల నుంచి మొదలుపెడితే పట్టే రెండు గంటలు మిగులుతాయి, ఛెనాకు ఉండే స్పంజిదనం మాత్రం రాదు.

హైదరాబాద్‌లోనూ గల్ఫ్ నుంచి వచ్చినవారి ఇళ్లలోనూ కునాఫా ఇప్పుడు బాగా తెలిసిన తీపి. పాలస్తీనాలోని నాబ్లుస్ దీనికి ప్రసిద్ధి. అక్కడ ఉప్పు చీజ్‌ను నీళ్లలో నానబెట్టి ఉప్పు దించి వాడతారు. ఇక్కడ తాజా మొజరెల్లా రెండు పాళ్లు, చిదిమిన ఛెనా ఒక పాలు కలిపితే సాగడమూ మెత్తదనమూ రెండూ వస్తాయి. మొజరెల్లాను తుంచి అరగంట మంచినీళ్లలో ఉంచి, గట్టిగా పిండాలి. కునాఫా పోగులు దొరకని చోట నేతిలో కలిపిన సన్న సేమియా అడుగునా పైనా పరిచి, సన్నని సెగ మీద రెండువైపులా ఎర్రగా కాల్చి, వేడిగా ఉన్నప్పుడే చల్లని పంచదార పాకం పోయాలి. ఆ పాకంలో ఒక చెంచా పన్నీరు కలపండి, ఈసారి గులాబీ నీరే. చీజ్ చల్లారితే బిగుసుకుంటుంది కాబట్టి పళ్లెం పొయ్యి మీద నుంచి నేరుగా తినేవారి ముందుకు వెళ్లాలి.